పట్టు మాంసాహారం, పాలిస్టరు పొడి చెత్త

మా ఊరి పేరు చెప్పను. ఆ విషయమై ఇంకా ఫైలు నడుస్తోంది. ఊరిని ఆనుకుని ఒక పంట కాలవ పోతుందనీ, కాలవకి ఇవతల మునిసిపాలిటీ, అవతల పంచాయతీ అనీ తెలిస్తే చాలు. నేను ఆ మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ని. పేరు బుల్లెయ్య.

మా కమిషనరు పరాంకుశం గారు నిజాయితీపరులు. ఇది పొగడ్త కాదు, జరిగినదానికి కారణం. లంచం పట్టే అధికారికి ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఈయనకి తెలియదు. ఒక రూలు ఎక్కారంటే అది ఆఖరి స్టేషను చేరితే తప్ప దిగేవారు కారు.

ఆ ఏడాది ఆయన ఏదో కొండ ఊళ్లో జరిగిన శిక్షణ తరగతులకి వెళ్లి, మెడలో బ్యాడ్జీతో, గుండెలో ఆశయంతో తిరిగొచ్చారు. ప్లాస్టిక్ రహిత పట్టణంగా మా ఊరు ప్రథమ బహుమతి కొట్టాలి. మర్నాటి నుంచే మైకు ఆటో వీధివీధినా తిరిగింది.

"యావన్మంది పురప్రజలకు తెలియజేయునది ఏమనగా, ప్లాస్టిక్ సంచులు వాడిన, అమ్మిన, దాచిన, లేక ఇతరులు వాడుచుండగా చూచియూ చూడనట్లు పోయిన వారిపై కఠిన చర్యలు గైకొనబడును."

మొదట్లో అంతా సవ్యంగానే నడిచింది. చేపలు కొన్నవాళ్లు ఆకుల్లో చుట్టుకుని పట్టుకెళ్లారు. ఇడ్లీ బండి దగ్గరికి జనం సాంబారు కోసం గిన్నెలు తెచ్చుకున్నారు. మురుగు కాలవలు పారడం మొదలెట్టాయి. ఇన్నేళ్ల సర్వీసులో నాకు నా ఉద్యోగం మీద మొదటిసారి గౌరవం కలిగింది. అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

బజార్లో మన్మథరావు చీరల దుకాణం ఉంది. పెళ్లి పట్టుకి చుట్టుపక్కల పేరున్న కొట్టు. దాని తనిఖీకి కమిషనరు గారు స్వయంగా బయల్దేరారు, వెనకాల నేను. కౌంటరు మీద దొంతరలుగా ఎర్రటి సంచులున్నాయి. ముట్టుకుంటే గుడ్డలాగే మెత్తగా తగిలాయి.

"ఇవి గుడ్డ సంచులండి బాబూ," అన్నాడు మన్మథరావు, అడక్కుండానే. "మీ ఆటో వచ్చిన పూటే ప్లాస్టిక్కంతా వదిలించేసుకున్నానండి."

నేను ఒక సంచి కొస కత్తిరించి లైటరు వెలిగించాను. నూలు గుడ్డయితే కాగితంలా కాలి బూడిదవ్వాలి. ఇది ముడుచుకుపోయి, కరిగి, నల్లటి పూసలా గట్టిపడింది.

కమిషనరు గారు సంచిని వెలుతురుకి పెట్టి చూశారు. "నేత లేదు. పోత మాత్రమే. ఇది గుడ్డ వేషములో నున్న ప్లాస్టిక్. బుల్లెయ్య గారూ, జరిమానా రాయండి."

"అంటే కరిగిందల్లా ప్లాస్టిక్కేనంటారు?" అడిగాడు మన్మథరావు.

"నిస్సందేహముగా."

మన్మథరావు కౌంటరు దాటి వచ్చాడు. వంగి, కమిషనరు గారి ప్యాంటు అంచున వేలాడుతున్న దారపు పోగు పుటుక్కున తెంపాడు. నా చేతిలో లైటరు లాక్కుని వెలిగించాడు. పోగు ముడుచుకుపోయి, కరిగి, నల్లటి పూసలా గట్టిపడింది.

"ఇదీ కరిగిందండి," అన్నాడు, చీరలు బేరమాడే ఆడవాళ్లందరికీ వినపడేలా. "మరి మీ ప్యాంటుకెంత రాయమంటారండి?"

కొట్టంతా గొల్లున నవ్వింది. ఇంకో అధికారి అయితే ప్రభుత్వ విధులకి ఆటంకం అని కేసు పెట్టేవాడు. పరాంకుశం గారు నవ్వలేదు, కోప్పడలేదు. ఆ నల్లపూసని ఒక కవర్లో వేయించి, "ఇది పరిశీలనార్హము," అన్నారు. జరిమానా వాయిదా పడింది. మన్మథరావు ఆ సాయంత్రం పక్క కొట్ల వాళ్లందరికీ కాజాలు పంచాడు. తను ఏ తేనెపట్టుని కదిపాడో పాపం అతనికి తెలీదు.

మర్నాడు కార్యాలయంలో అత్యవసర సమావేశం. పాలిటెక్నిక్‌లో రసాయనశాస్త్రం చెప్పే లలితకుమారి గారిని నిపుణురాలిగా పిలిపించారు. ఆవిడ ఉత్సాహంగా ఒక పెట్టె నిండా పోగులూ ముక్కలూ తెచ్చారు. తన పాఠం వినడానికి అధికారులు కుర్చీలు వేసుక్కూర్చోవడం ఆవిడకి కొత్త.

"పాలిస్టరు దారం, మంచినీళ్ల సీసా ఒకటే పదార్థమండి," అని మొదలెట్టారు. "కరిగించి సన్నటి బెజ్జాల్లోంచి లాగితే దారం. అచ్చులో పెట్టి ఊదితే సీసా. నైలాను కూడా అంతే, మేజోళ్లూ చేపల వలలూ అవుతుంది, టూత్‌బ్రష్ కుచ్చూ అవుతుంది. మీరు పట్టుకున్న ఆ ఎర్ర సంచి పాలీప్రొపిలీను. మీరు కూర్చున్న కుర్చీ కూడా అదేనండి."

కమిషనరు గారు చటుక్కున లేచారు. మిగతా సమావేశమంతా నిలబడే విన్నారు. ఆయన నిలబడ్డాక మేమూ నిలబడ్డాం.

"ఇవన్నీ వేడికి కరిగే జాతి," ఆవిడ ధోరణిలో ఆవిడ చెప్పుకుపోయారు. "కుక్కరు పిడి అలా కరగదు, మాడుతుంది. అది వేరే జాతి. ఇక పత్తి మొక్కది, కాగితంలా కాలుతుంది. రేయాను చెట్టు గుజ్జులోంచి మనిషి తీసిన దారం, అదీ అలాగే కాలుతుంది. పట్టు, ఉన్ని జంతువులవి. మన జుట్టులాంటి మాంసకృత్తులు, అందుకే కాలిస్తే జుట్టు కాలిన కంపు. కానీ అసలు సంగతి ఏంటంటేనండి, పేరు చూసి మంచీ చెడూ చెప్పలేం. ఒకసారి వాడి పారేసే సంచి వేరు, పదేళ్లు కట్టే చీర వేరు..."

అప్పటికే మా మేనేజరు మినిట్స్ రాసేశాడు. పైకి చదివాడు. "చీరయూ సీసాయూ ఒక్కటే యని నిపుణురాలు ధ్రువీకరించినారు."

"నేనలా అనలేదండీ!"

"మొదటి వాక్యం అదేనమ్మా," అన్నాడు మేనేజరు. "మిగతాది వివరణ. వివరణలు తీర్మానంలో రాయం."

ధరింపబడు ప్లాస్టిక్ నియంత్రణ ఉత్తర్వులు అలా పుట్టాయి. దేశంలో ఇలాంటివి మొదటివని కమిషనరు గారు అన్నారు. నేను నమ్మాను.

ఉత్తర్వుల సారం చాలా సులువు. చెత్తని తడి, పొడి అని వేరు చేసినట్టే, పౌరుల్ని వారు ధరించిన పోగుని బట్టి వేరు చేయాలి. నూలు మట్టిలో కలుస్తుంది గనక నూలు కట్టినవారు తడి. పాలిస్టరు, నైలాను కలవవు గనక అవి కట్టినవారు పొడి. కార్యాలయానికి రెండు గుమ్మాలు పెట్టాం, తడివారికి ఆకుపచ్చది, పొడివారికి నీలం. నేను మెట్ల మీద లైటరు పట్టుకుని నిలబడి, వచ్చిన ప్రతివారి బట్టలోంచి ఒక పోగు లాగి, కాల్చి, వాసన చూసి, దారి చూపించేవాణ్ణి. తడివారికి ఏ పనయినా అయ్యేది. పొడివారు ఇంటికెళ్లి బట్టలు మార్చుకుని రావాలి.

చిక్కంతా టెర్రీకాటన్‌తో వచ్చింది. రిటైరయిన హెడ్మాస్టరు వెంకటప్పయ్య గారు మంచినీటి కుళాయి కోసం అర్జీ పట్టుకొచ్చారు. ఆయన చొక్కా పోగు సగం కాలింది, సగం కరిగింది.

"నేనెటు వెళ్లాలోయ్ బుల్లెయ్యా?"

"మీరు మిశ్రమం మాస్టారూ. మిశ్రమాన్ని మూలం దగ్గరే వేరుచేసి తేవాలని రూలండి. మీరు ఇంటికెళ్లి విడిపోయి రండి."

నాకు అ ఆలు దిద్దించింది ఆయనే. "నీకు చదువు అబ్బిందనే అనుకున్నానురా," అని వెళ్లిపోయారు.

తర్వాత్తర్వాత పరీక్ష ఊళ్లోకి పాకింది. ఒక స్వామివారి కాషాయం కరిగింది. ఖద్దరు తప్ప ముట్టనని పాతికేళ్లుగా ఉపన్యాసాలిస్తున్న కౌన్సిలరు గారి చొక్కా కరిగి నా వేలికి అంటుకుంది. అత్తవారు పెట్టిన పట్టు, ఆడపడుచు పెట్టిన పట్టు, అన్నలు పెట్టిన పట్టు, వరసపెట్టి కరిగాయి. వీధికి రెండిళ్లలో మాటలు లేవు. జనం మన్మథరావు కొట్టు మీద పడ్డారు.

"నేను ఆర్టు పట్టు అనే చెప్పానండీ," అని అతను మొత్తుకున్నాడు.

"ఆర్టంటే కళ కాదూ?"

"ఆర్టిఫిషియలండి. మీరు కళ అనుకుని సంబరపడుతుంటే, కాదని మనసు కష్టపెట్టడం దేనికని ఊరుకున్నానండి."

ఇదంతా నవ్వులాటగానే ఉండేది గానీ, మా పారిశుధ్య సిబ్బంది చేతి తొడుగులూ వానకోట్లూ కూడా ధరింపబడు ప్లాస్టిక్ కిందికే వచ్చాయి. వాటిని స్వాధీనం చేసుకుని స్టోరు గదిలో పెట్టి తాళం వేయించారు. ఆ సాయంత్రం కాలవ పూడిక తీసే కనకం నా ముందు చేతులు చాపి నిలబడింది. అరచేతి నిండా గాజుపెంకుల గీతలు.

"ఊళ్లో ప్లాస్టిక్ ఎత్తమన్నారు, ఎత్తుతున్నాం. మా ప్లాస్టిక్ మాకియ్యకపోతే ఎలాగండి బాబూ?"

కమిషనరు గారిని అడిగాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. "మినహాయింపునకు ఉత్తర్వులలో అవకాశము లేదు బుల్లెయ్య గారూ. ఒకరికి మినహాయించిన, రేపు అందరూ మనుషులమే నందురు," అన్నారు. స్టోరు తాళం పాడయిందని, మరమ్మతు చేయువరకు తలుపు మూయుట సాధ్యపడదని నేను ఒక రిపోర్టు రాసుకున్నాను. మర్నాటి నుంచి తొడుగులు ఎవరివి వాళ్లు తీసుకున్నారు.

అంతలో మేనేజరుకి ఒక ధర్మసందేహం వచ్చింది. నికార్సయిన పట్టు సంగతేమిటి? అది కరగదు, నిజమే. కానీ నిపుణురాలు దాన్ని మాంసకృత్తు అన్నారు. మాంసం కొట్ల వ్యర్థాల్ని మనం తడి చెత్తలో కలపనివ్వం కదా?

"నేనన్నది వేరండీ!" అని లలితకుమారి గారు ఫోన్లో అరిచింది నాకు పక్క గదిలోకి వినపడింది.

ఉత్తర్వులకి అనుబంధం వెలువడింది. పట్టు, ఉన్ని జంతు సంబంధ పదార్థములు. కావున మాంసాహారము నిషిద్ధమైన మునిసిపల్ ప్రాంగణములందు అవియును నిషిద్ధము. అలాంటి ప్రాంగణం మాకు ఒక్కటే ఉంది, కల్యాణ మండపం. ఆ నెలలో అందులో జరగాల్సిన పెళ్లీ ఒక్కటే. కమిషనరు గారి ఒక్కగానొక్క కూతురు సంహితది.

వాళ్లావిడ వకుళ గారు మూడు రోజులు బతిమాలారు. "ఏవండీ, ఈ ఒక్క పూటకీ ఆ లైటరు పక్కన పెట్టించండి."

"నా బిడ్డ పెళ్లికి ఒక రూలు, ఊరివారికొక రూలా?" అన్నారాయన. ఆ మాటకి వంక పెట్టలేం. ఆయనతో వచ్చిన ఇబ్బందే అది.

పెళ్లినాడు పొద్దున్నే మండపం గుమ్మంలో నిలబడ్డాను. కమిషనరు గారు చేనేత నూలు పంచె కట్టుకుని నా పక్కనే ఉన్నారు. సంహిత కారు దిగింది. ముదురు ఆకుపచ్చ చీర, మెడలో పూలదండ. చీర చెంగు నుంచి ఒక పోగు తీసి కాల్చాను. జుట్టు కాలిన వాసన గుప్పుమంది.

"పట్టేనండి," అన్నాను. "నికార్సయిన పట్టు."

వకుళ గారి మొహం వెలిగింది. కమిషనరు గారి మొహం మాడింది. "అయితే మాంసాహారము," అన్నారు నెమ్మదిగా. "లోనికి అనుమతి లేదు."

అంతలో సన్నాయితో మగపెళ్లివారు వచ్చారు. పెళ్లికొడుకు ఆదర్శ్, మెరిసిపోయే పంచె, ఉత్తరీయం. పోగు తీసి వెలిగించాను. కరిగి బొట్టుబొట్టుగా రాలింది. పెళ్లికొడుకు తండ్రి, గుంపులో ఉన్న మన్మథరావు వైపు చూశారు. మన్మథరావు సన్నాయివాళ్ల వెనక్కి తప్పుకున్నాడు.

"ఇది పొడి," అన్నారు కమిషనరు గారు. "దీనికీ అనుమతి లేదు."

పురోహితుడు గాభరా పడ్డాడు. "ముహూర్తం ముంచుకొస్తోందండీ. కనీసం గుమ్మంలోనైనా కూర్చోబెట్టి బ్రహ్మముడి వేయించేస్తాను."

"బ్రహ్మముడియా?" కమిషనరు గారు ఉలిక్కిపడ్డారు. "జంతు సంబంధమునూ ప్లాస్టిక్‌నూ కలిపి ముడి వేసినచో అది మిశ్రమ వ్యర్థమగును. అది మరింత తీవ్రమైన ఉల్లంఘన."

సన్నాయి ఆగింది. సంహిత తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నేను చెత్తనా?"

"ఛ, నువ్వు కాదమ్మా. నీ చీర."

"నా చీర మాంసాహారం. ఆయన పంచె పొడి చెత్త. మా ముడి మిశ్రమ వ్యర్థం. మరి మీరు పెళ్లి చేస్తున్నది ఎవరికి నాన్నా?"

ఉత్తర్వుల్లో దానికి జవాబు లేదు. సంహిత కళ్లు తుడుచుకుని, కుచ్చిళ్లు కాస్త పైకెత్తి పట్టుకుని, పెళ్లికొడుకు వైపు తిరిగింది.

"కాలవ అవతల పంచాయతీయే కదండీ?"

"అవును," అన్నాడు ఆదర్శ్. "రైసుమిల్లు కళ్లం ఖాళీగానే ఉంది. వచ్చేటప్పుడు చూశాను."

"పదండయితే."

ఆ పిల్ల వంతెన వైపు నడిచింది. పక్కన పెళ్లికొడుకు, వెనక సన్నాయి, ఆ వెనక పురోహితుడు హోమం సామాను నెత్తిన పెట్టుకుని. వంటవాళ్లు పులిహోర గుండిగలు కావిళ్లకెత్తారు. ఊరేగింపు బజారు మీదుగా పోతుంటే, ఇన్నాళ్లూ బీరువాల్లో దాచిన జార్జెట్లూ నైలాన్లూ కట్టుకుని జనం ఇళ్లలోంచి వచ్చి కలిశారు. మన్మథరావు కలిశాడు. కనకం తొడుగులు విప్పి నడుముకి దోపుకుని కలిసింది. వెంకటప్పయ్య మాస్టారు తన టెర్రీకాటన్ చొక్కాతో, విడిపోకుండానే, వంతెన దాటారు. కాసేపట్లో ఊరు ఖాళీ.

మండపంలో మేమిద్దరమే మిగిలాం. కమిషనరు గారు పెళ్లిపీట పక్కన నేల మీద కూర్చున్నారు. కాలవ మీదుగా సన్నాయి వినపడుతోంది. "రూలు సరిగానే ఉంది కదా బుల్లెయ్య గారూ?" అని అడిగారు. ఆ గొంతు కమిషనరుది కాదు. "సరిగానే ఉందండి, మనుషులే ఇమడలేదు," అన్నాను.

వకుళ గారు రొప్పుతూ వచ్చారు. "లేవండి. కన్యాదానానికి తండ్రి కావాలి అక్కడ. కమిషనరు అక్కర్లేదు."

"పనివేళల్లో పరిధి దాటాలంటే అనుమతి తీసుకోవాలి వకుళా."

"ఎవరివ్వాలి?"

ఆయన ఆలోచించారు. "నేనే."

"ఇచ్చుకోండి మరి!"

ఆయన నా దగ్గర కలం అడిగి తీసుకుని, తనకి తానే ఒంటిపూట సెలవు పెట్టుకుని, తనే మంజూరు చేసుకుని, అందుబాటులో ఉన్న సీనియరు ఉద్యోగిగా నన్ను ఇన్‌చార్జి కమిషనరుగా నియమించారు. గుమ్మం దాకా మామూలుగానే నడిచారు. వంతెన దగ్గరికి వెళ్లేసరికి పంచె పైకి పట్టుకుని పరిగెత్తుతున్నారు. ఆయన పరిగెత్తడం నేను అదే మొదటిసారి చూడ్డం.

నేను ఆఫీసుకెళ్లి ఇన్‌చార్జి కుర్చీలో కూర్చున్నానో లేదో, తెల్ల కారు ఒకటి ఆగింది. ప్లాస్టిక్ రహిత పట్టణాల ఎంపిక కమిటీ. ముందు చెప్పకుండా రావడం వాళ్ల పద్ధతిట. నన్ను వెంటేసుకుని ఊరంతా తిరిగారు. బజార్లో సంచి లేదు. కాలవలో సీసా లేదు. వీధుల్లో మనిషి లేడు.

"అపూర్వము! అనుసరణీయము!" అన్నారు అధ్యక్షులు. "ఇంతకూ ప్రజలెక్కడ?"

"ప్లాస్టిక్‌తో పాటు వెళ్లిపోయారండి."

ఆయన తలూపి, "ప్రజల సంపూర్ణ సహకారము" అని రాసుకున్నారు. మాకు ప్రథమ బహుమతి వచ్చింది. ఇప్పటికీ ఆఫీసు గోడకి ఉంది.

వాళ్లు వెళ్లాక నాకున్న పూటలో మిగిలింది కొంచెమే. నా జీవితంలో మొదటిదీ చివరిదీ అయిన ఉత్తర్వు రాశాను. ధరింపబడు ప్లాస్టిక్ పరీక్షకు వాడుచున్న లైటరు స్వయముగా ప్లాస్టిక్ అయినందున దాని వాడుక నిషిద్ధమనియు, బదులుగా అగ్గిపెట్టెల సరఫరాకు టెండరు పిలిచి ఖరారు చేయువరకు పరీక్షలు నిలిపివేయడమైనదనియు. మా ఆఫీసులో టెండరు ఖరారవడమంటే ఏమిటో పిలిచినవాళ్లకే తెలీదు. సంచుల నిషేధం జోలికి మాత్రం పోలేదు. అది మంచి రూలే.

మర్నాడు కమిషనరు గారు వేళకే వచ్చారు. నా ఉత్తర్వు ఆసాంతం చదివారు. ఆయన కింద "చూశాను" అని రాసి సంతకం పెట్టారు.

"నిన్న మీరు భోజనానికి రాలేదేం?"

"ఇన్‌చార్జిని కదండీ. ఊరు వదలకూడదు."

ఆయన జేబులోంచి ఒక చేతిరుమాలు మూట తీసి బల్ల మీద పెట్టి విప్పారు. రెండు లడ్డూలు, కాస్త చితికి ఉన్నాయి. రుమాలు గులాబీ రంగుది, నున్నగా మెరుస్తోంది. పెళ్లివారిలో ఎవరిదో అయ్యుంటుంది. అలవాటు కొద్దీ నా చెయ్యి దాని అంచు మీదికి పోయింది.

"అది ఏ గుడ్డో నేను చూడలేదు," అన్నారు పరాంకుశం గారు. "మీరూ చూడకండి. తినండి."